హాట్ రాడ్ మోడల్ ఒక్క పూటలో అయ్యే పని కాదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో ఇంటిపట్టున చేసుకోదగ్గ పనుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో ప్లాస్టిక్ కారు కిట్లకూ చోటు దొరికింది. సంతోషం. కానీ హాట్ రాడ్ మోడల్ గురించి అందులో రాసిన నాలుగు వాక్యాల్లో మూడు తప్పుదారి పట్టించేవే. కిట్టు తెచ్చి ఒక పూటలో అతికించేయొచ్చన్నారు. ఇన్‌స్టంట్ గమ్ము ఒక్కటుంటే చాలన్నారు. ఆఖర్న డాబా మీద స్ప్రే కొడితే అయిపోతుందన్నారు. ఈ మాటలు నమ్మి దిగినవాళ్లకు విరిగిన పైకప్పు, గరుకుగా తేలిన రంగు మిగులుతాయి. ‘మన చేతికి ఈ పని రాదు’ అనుకుని కిట్టును అటక మీద పడేస్తారు. అలా అటకెక్కిన కిట్లలో చాలావరకు చేతి నేర్పు లేక చెడినవి కావు, పని వరస తప్పి చెడినవి. అందుకే ఆ వరసను కొలతలతో సహా మీ పాఠకుల ముందు పెడుతున్నాం.

హాట్ రాడ్ అంటే ఏమిటో ముందు తెలియాలి. వేగం కోసం కోసి, బరువు తగ్గించి మార్చుకున్న పాత కారే హాట్ రాడ్. మోడల్‌లో పెట్టే ప్రతి కోతకూ అసలు కారులో ఒక కారణం ఉంది. 1930ల్లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లు కొని, మ్యురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల చదునైన నేల మీద వేగం పరీక్షించుకునేవాళ్లు. 1937లో అక్కడి క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. 1932లో ఫోర్డ్ 221 ఘనపు అంగుళాల వీ-8 ఇంజన్‌ను మామూలు జనం కొనగలిగే కారులో పెట్టింది. దాని శక్తి 65 హార్స్‌పవర్. అప్పటినుంచి ఆ కారే ఈ వేగం వేటగాళ్లకు ఇష్టమైన ముడిసరుకయింది. బరువు తగ్గాలని మడ్‌గార్డులూ బంపర్లూ పీకేశారు. ఎదురుగాలికి అడ్డం తగ్గాలని పైకప్పు స్తంభాలు కోసి కిందికి దించారు, దీన్ని చాప్ అంటారు. బాడీనే చాసిస్ (అడుగు చట్రం) మీదుగా కిందికి జార్చారు, ఇది చానల్. వెనక పెద్ద టైర్లు, ముందు చిన్న టైర్లు వేశారు. ఈ కారణాలు మనసులో ఉంటే మోడల్ మీద ఎక్కడ రంపం పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెయ్యికే తెలుస్తుంది.

మన దేశంలో అసలు కారును ఇలా కోయడానికి చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన ప్రమాణాలను మార్చవద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. కాబట్టి హాట్ రాడ్ మీద మనసుపడ్డ హైదరాబాదీకి మోడలే తిన్నని దారి. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉన్న ఊరు ఇది. బ్యాటు, బూటు, పుస్తకం ఆకారాల్లో నడిచే కార్లను చేత్తో కట్టిన ఊరికి ఈ పని కొత్త కాకూడదు.

ఇక కొలత. అమెరికన్ కారు కిట్లు ఎక్కువగా 1/25 స్కేలులో, అంటే అసలు కారులో ఇరవై అయిదో వంతు సైజులో వస్తాయి, జపాన్ కిట్లు 1/24లో. కొత్తవాళ్లకు 1/25 మేలు, దానికి ఒక చక్కని సౌకర్యం ఉంది. అసలు కారులో ఒక అంగుళం ఈ స్కేలులో 1.016 మి.మీ. అంటే అంగుళానికి మిల్లీమీటరు అనుకుంటే చాలు. పైకప్పు 3 అంగుళాలు దించిన కారు ఫొటో చూస్తే మోడల్‌లో 3 మి.మీ. కోయాలి. 1932 ఫోర్డ్ ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 106 అంగుళాలు, మోడల్‌లో 107.7 మి.మీ. ఈ లెక్క తెలియక కంటి అంచనాతో 6 మి.మీ. కోసేసి, లోపల డ్రైవరు తల పట్టని కారు తయారు చేసేవాళ్లు చాలామంది.

పనిముట్ల కోసం విదేశాలకు ఆర్డరు పెట్టనక్కర్లేదు. 3వ నంబరు హ్యాండిల్, దానికి సరిపోయే 11వ నంబరు సర్జికల్ బ్లేడ్లు మందుల పరికరాలు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. 0.3 నుంచి 1 మి.మీ. దాకా సర్క్యూట్ బోర్డుల డ్రిల్ బిట్లు, ఇంజన్ వైరింగుకు పనికొచ్చే సన్నటి తీగలు కోఠీ గుజరాతీ గల్లీలో వెతకాలి. ఆకురాళ్లు, వాటర్ పేపరు, చిన్న బిగింపులకు రాణిగంజ్ ఉండనే ఉంది. కంసాలులు వాడే సన్నటి రంపపు బ్లేడు తప్పక తీసుకోండి. హాక్సా బ్లేడుతో స్తంభాలు కోయడం కత్తిపీటతో మల్లెమొగ్గ కోసినట్టే. భాగాలు కొత్తగా చేసుకోవడానికి 0.5, 1 మి.మీ. మందాల్లో పాలీస్టైరీన్ షీటు కావాలి, కిట్టు భాగాల ప్లాస్టిక్ కూడా ఇదే. షాపువాళ్లు దీన్ని హిప్స్ షీటంటారు. బోర్డులు రాసేవాళ్లు వాడే సన్‌బోర్డు పీవీసీ నురగ, అది ఈ పనికి రాదు. అనుమానం వస్తే ఒక మూల మీద ప్లాస్టిక్ సిమెంటు (కిట్టు భాగాలు అతికే ద్రవం) బొట్టు వేసి చూడండి, కాసేపటికి వేలికి జిగురుగా అంటితే అది స్టైరీనే. అడుగున త్రికోణంలో 6 అంకె ఉన్న డబ్బాలూ, పాత సీడీ పెట్టెలూ కూడా పాలీస్టైరీనే.

పెట్టె తెరవగానే భాగాలను గిన్నెల సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో కడగాలి. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన నూనె వాటి మీద ఉంటుంది, అది పోకపోతే రంగు పట్టదు. ఆ తర్వాత సిమెంటు సీసా మూత తీయకుండా కనీసం రెండు మూడు సాయంత్రాలు గడపాలి. అందరూ దాటేసే మెట్టు ఇదే, హాట్ రాడ్ బతుకంతా దీని మీదే ఉంది. చాసిస్, ఇరుసులు, చక్రాలు, బాడీ, ఇంజన్, రేడియేటరు అన్నిటినీ మాస్కింగ్ టేపు ముక్కలతో, బ్లూటాక్ అనే జిగురు ముద్ద ఉండలతో తాత్కాలికంగా నిలబెట్టండి. ఒక అద్దం ముక్క మీద పెట్టి, కంటిని బల్ల ఎత్తుకు దించి పక్కనుంచి చూడండి. వెనక టైరు వ్యాసం సుమారు 30 మి.మీ., ముందుది 26 మి.మీ. ఉంటే బండి సహజంగానే ముందుకు వంగుతుంది. చాసిస్ అడుగుకూ నేలకూ మధ్య 4, 5 మి.మీ. ఖాళీ చాలు. ఆ నిలుపు నచ్చాకే ఎంత కోయాలో కాగితం మీద రాసుకోవాలి. నిలుపు తేలకముందే పైకప్పు కోసేస్తే తర్వాత టైర్లు మార్చినప్పుడల్లా పైకప్పు ఎక్కువైనట్టో తక్కువైనట్టో కనిపిస్తూనే ఉంటుంది.

అతికే సంగతి. ఇన్‌స్టంట్ గమ్ము రెండు ముక్కల మధ్య గాజులా గట్టిపడే పొర మాత్రమే. పక్కనుంచి దెబ్బ తగిలితే ఊడిపోతుంది. పూర్తిగా గట్టిపడ్డాక ప్లాస్టిక్ కన్నా గట్టిగా ఉంటుంది కాబట్టి వాటర్ పేపరుతో రుద్దితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగి గమ్ము గట్టులా మిగులుతుంది. టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి సిమెంటు పని తీరు వేరు, అది పాలీస్టైరీన్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ముక్కలు కలిపి పట్టుకుని కుంచె మొనను అతుకుకు తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. వేలు అతుకు మీద ఉంటే సిమెంటు వేలి కిందకీ పాకి వేలిముద్ర శాశ్వతంగా పడుతుంది, జాగ్రత్త. బరువు మోసే అతుకులకు, అంటే చాసిస్‌కీ పైకప్పు స్తంభాలకీ, 24 గంటలు వదిలేయాలి. ఇనుప ఇరుసు, రాగి తీగ, రెజిన్ భాగాల దగ్గర సిమెంటు పని చేయదు, అక్కడ అరల్డైటో ఇన్‌స్టంట్ గమ్మో వాడాలి. రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ వచ్చాక త్రీడీ ప్రింటు మీద మన కుర్రాళ్లకు మోజు పెరిగింది, మంచిదే. రెజిన్ ప్రింటు భాగాలనూ స్టైరీన్ సిమెంటుతో అతికించబోయి, అంటడం లేదని గంటలు పాడుచేసుకోవద్దని వాళ్లకు చెప్పాలి.

చాసిస్‌తో మొదలుపెట్టాలి. వెనక ఇరుసుకు ముందు చాసిస్ పక్క పట్టీలు రెండింటినీ కోసి, వెనక భాగాన్ని 4, 5 మి.మీ. పైకి లేపి, మధ్యలో నిలువు ముక్క పెడితే పక్కనుంచి ఇంగ్లిషు జెడ్ అక్షరంలా కనిపిస్తుంది. రెండు పక్కలా కోత ఒకే చోట పడాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంటుంది. అతుకు లోపలి వైపు 1 మి.మీ. షీటు పలక అంటించి బలం ఇవ్వాలి. తర్వాత చానల్. బాడీ నేలను చుట్టూ కోసి తీసి, 5 మి.మీ. పైకి లేపి మళ్లీ అతికిస్తే, చాసిస్ మీద పెట్టినప్పుడు బాడీ అంతే కిందికి దిగుతుంది. ఇక్కడినుంచి ఒక మార్పు ఇంకోదాన్ని లాక్కొస్తుంది. నేల లేచింది కాబట్టి సీటు కాళ్లు తగ్గాలి. ఇంజన్ బాడీకన్నా పైకి తేలింది కాబట్టి బానెట్ మూతపడదు. రేడియేటరు అడుగున 5 మి.మీ. కోయాలి, లేకపోతే బాడీ కన్నా ఎత్తుగా నిలబడుతుంది. ఫోర్డ్ ఇంజన్ తీసి స్మాల్ బ్లాక్ షెవర్లే వీ-8 పెట్టేవాళ్లకు ఇంకొకటి: షెవర్లే డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) ఇంజన్ వెనక భాగంలో, ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజన్‌కూ కారు గదికీ మధ్య గోడకు ఆనుకునే చోట ఉంటుంది. ఫైర్‌వాల్ మధ్యలో ముక్క కోసి, 3, 4 మి.మీ. లోపలికి గూడులా కట్టకపోతే ఇంజన్ చోటులో కూర్చోదు. ఫ్లాట్‌హెడ్ అనే పాత ఫోర్డ్ వీ-8కు డిస్ట్రిబ్యూటరు ముందు వైపే కాబట్టి ఈ బాధ లేదు.

ఇప్పుడు చాప్. మొదటిసారి చేసేవాళ్లు 1928-31 మోడల్ ఏ గానీ, 1932 కూపే (రెండు తలుపుల మూసిన కారు) గానీ ఎంచుకోవాలి, వాటి స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి. 1934 ఫోర్డ్ ముందు స్తంభం వాలుగా ఉంటుంది, 1949 మెర్క్యురీలో అన్నీ వంపులే. వాటిని అనుభవం వచ్చాక ముట్టుకోవడం మంచిది.

కోసే ముందు తలుపుల మధ్య అడ్డంగా లోపలి వైపు గట్టి స్ప్రూ కడ్డీ (కిట్టు భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం ముక్క) ఒకటి రెండు చుక్కల గమ్ముతో అంటించండి, పైకప్పు విడిపోగానే బాడీ పక్కలు విచ్చుకోకుండా అది ఆపుతుంది. 3 మి.మీ. వెడల్పు మాస్కింగ్ టేపును స్తంభాలన్నిటి చుట్టూ ఒకే ఎత్తులో చుట్టాలి. బాడీని అద్దం మీద బోర్లా కాకుండా నిలువుగా పెట్టి, ఒక దిమ్మ మీద పెన్సిలు పడుకోబెట్టి గీస్తే అన్ని గీతలూ ఒకే మట్టానికి వస్తాయి. టేపు పై అంచు ఒక కోత, కింది అంచు ఇంకో కోత. రంపం పన్ను తానే 0.2, 0.3 మి.మీ. తినేస్తుంది, కాబట్టి టేపు అంచుకు లోపలి వైపే కోసి, మిగిలినదాన్ని ఆకురాయితో గీత దాకా తేవాలి. వెనక వెడల్పాటి భాగం ముందు కోయాలి, సన్నటి ముందు స్తంభాలు ఆఖర్న. ఈ వరస తలకిందులైతే వెనక కోసేటప్పుడు వచ్చే కుదుపుకు ముందు స్తంభాలు పుటుక్కున విరుగుతాయి. విరిగిన పైకప్పుల్లో ఎక్కువ ఇలా విరిగినవే.

ముక్క తీసేశాక పైకప్పును కిందికి దించి చూస్తే, స్తంభాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. కారు గది పైకి వెళ్లేకొద్దీ ఇరుకవుతుంది మరి. కంగారు అక్కర్లేదు. ముందుగా వెనక భాగాన్ని కలపాలి, అక్కడ వెడల్పు ఎక్కువ, వంపు కంటికి ముందు పట్టేదీ అక్కడే. అది గట్టిపడ్డాక ముందు స్తంభాల అడుగున లోపలి వైపు చిన్న గాటు పెట్టి కొద్దిగా వెనక్కి వాల్చాలి. తేడా అర మిల్లీమీటరు దాటితే పైకప్పును అడ్డంగా కోసి సన్నటి స్టైరీన్ పట్టీ చేర్చడమే దారి. 1932 కారు పైకప్పు నడుమ ఇనుప రేకు ఉండేది కాదు, గుడ్డ బిగించేవాళ్లు. ఆ గుడ్డ పలక అంచు దగ్గర కోత పెడితే అతుకు దాచడం తేలిక. ముందు స్తంభాల్లో 0.5 మి.మీ. రంధ్రం చేసి అంత మందం తీగ ముక్కను మేకులా దిగేయాలి, సిమెంటు ఒక్కటే అక్కడ ఆగదు. విండ్‌షీల్డ్ ఫ్రేము విడిగా ఇచ్చిన కిట్టయితే దానికీ ఇదే 3 మి.మీ. తగ్గించడం మర్చిపోవద్దు.

కోతల మీద పుట్టీ. కారు మరమ్మతు షెడ్లలో వాడే ఎన్.సి. పుట్టీ గోకులకూ సన్న గీతలకూ మాత్రమే. మందంగా పూస్తే పైన ఆరినట్టు కనిపించి లోపల ద్రావకం వారాల తరబడి ఆవిరవుతూ ఉంటుంది. రంగు వేసిన నెలకు అతుకు గుంటలా తేలేది ఇందుకే. ఆ ద్రావకమే పల్చటి స్టైరీన్‌ను మెత్తబరిచి వంకర తిప్పుతుంది కూడా. అర మిల్లీమీటరు దాటిన గుంటలకు రెండు భాగాల పాలిస్టర్ పుట్టీ కావాలి, 100 పాళ్లకు 2 పాళ్ల హార్డెనర్. ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందని చెంచాలు కుమ్మరిస్తే చేతిలోనే బిగుసుకుంటుంది, పైగా లేత రంగుల మీద పసుపు మరక తేలుతుంది. ఎం-సీల్ కూడా పనికొస్తుంది కానీ ముందు ప్లాస్టిక్‌ను గరుకు చేయాలి. రుద్దడం 320 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 400, 600, 1000 వరకు, తడిపి, వేళ్లతో కాకుండా చదునైన చెక్క ముక్కకు కాగితం చుట్టి. వేళ్లతో రుద్దితే వేళ్ల వెడల్పున గాడులు పడతాయి.

చూసేవాళ్ల కళ్లు ముందు పడేది ఇంజన్ మీదే, హాట్ రాడ్‌కు బానెట్ ఉండదు కదా. అసలు ప్లగ్గు వైరు మందం 7 నుంచి 8 మి.మీ., 1/25లో 0.28 నుంచి 0.32 మి.మీ. మోటార్ వైండింగ్‌కు వాడే 30 గేజి తీగ మందం 0.315 మి.మీ. ఇంతకన్నా సరిగ్గా దొరకదు. షెవర్లే డిస్ట్రిబ్యూటరు టోపీలో 9 రంధ్రాలు: 8 ప్లగ్గులకు, మధ్యలోది కాయిల్‌కు. షెవర్లేలో ప్లగ్గులు వెలిగే వరస 1-8-4-3-6-5-7-2, డ్రైవరు కుడి చేతి వైపు సరి సంఖ్యలు, ఎడమ వైపు బేసి సంఖ్యలు. ఫ్లాట్‌హెడ్ ఫోర్డ్ వరస 1-5-4-8-6-3-7-2. ఎలా కలిపినా ఎవరు చూస్తారు అనుకోవద్దు, తెలిసినవాళ్లు చూసేది అదే. పెట్రోలు గొట్టానికి 28 గేజి తీగ సరిపోతుంది. పొగగొట్టాలకు 1.6 మి.మీ. సోల్డర్ తీగ భేషుగ్గా వంగుతుంది, అసలు కారులో హెడర్ గొట్టం (ఇంజన్ నుంచి పొగ తెచ్చేది) వ్యాసం ఒకటీ అయిదు బై ఎనిమిది అంగుళాలు కాబట్టి లెక్కకూ కుదురుతుంది. దాని చివర్లకు 16 గేజి ఇంజెక్షన్ సూది ముక్క ఆనించి అంటిస్తే బోలు గొట్టంలా ఉంటుంది. మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది, ఆకురాయి పట్టకుండా బ్లేడుతో కోసి, తినే ముందు చేతులు కడుక్కోవాలి. పిల్లలకు ఆ పని ఇవ్వొద్దు.

కిట్టులో వచ్చే క్రోమ్ భాగాల మీద సిమెంటు పట్టదు, అతికే చోట పూత గీకేయాలి. మొత్తం తీసేయాలంటే బట్టల బ్లీచింగ్ ద్రావణంలో అరగంట నానబెడితే ఊడిపోతుంది. ఆ ద్రావణంలో టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్ మాత్రం ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. పాత కిట్ల వినైల్ టైర్లలోని మెత్తబరిచే నూనె ప్లాస్టిక్ చక్రంలోకి దిగి దాన్ని కరిగిస్తుంది. మన ఎండల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. టైరుకూ చక్రానికీ మధ్య వంటింటి అల్యూమినియం రేకు పట్టీ చుడితే ఆ గొడవ ఉండదు.

రంగు విషయంలో మీ వ్యాసం చేసిన నష్టం ఎక్కువ. డాబా మీద మే నెల మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు చుక్కలు కారును చేరేలోపే గాలిలో ఆరిపోయి ఇసుకలా పడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు రోజుల్లో కొడితే ద్రావకం ఆవిరయ్యే చల్లదనానికి గాల్లో తేమ రంగు మీద చేరి, తెల్లటి మబ్బు పట్టుకుంటుంది. లాకర్ రంగుల్లో ఇది మరీ ఎక్కువ. ఎండాకాలం ఉదయం ఆరు, ఏడు మధ్య, వానాకాలం తెరిపి ఇచ్చి ఎండ కాసిన రోజు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ పూటైనా సరే. దుమ్ము ఎప్పుడూ ఉంటుంది, నేల మీద నీళ్లు చల్లి కాసేపు ఆగి మొదలుపెట్టాలి. కొట్టగానే బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా కింద మూసి ఉంచాలి.

ప్రైమర్ లేకుండా ఆటోమొబైల్ రంగు నేరుగా పడితే దాని థిన్నరు స్టైరీన్‌ను తిని, పగుళ్ల వలలా చేస్తుంది. ప్రైమర్ కూడా మొదటి పూత తడిగా కాకుండా, మంచు కురిసినట్టు పల్చగా పడాలి. రెండు మూడు పూతల తర్వాత టార్చి వెలుగు పక్కనుంచి పట్టి చూస్తే పుట్టీ లోపాలన్నీ బయటపడతాయి, మళ్లీ పుట్టీ, మళ్లీ ప్రైమర్. ఇక్కడ తొందరపడితే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 మి.మీ. నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి, రంగు పాలలా పల్చగా, 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం. 15 నిమిషాల ఎడంతో మూడు నాలుగు పూతలు. షెడ్లలో పైపూతగా కొట్టే, రెండు భాగాలు కలిపే టూ-కే క్లియర్‌లో ఐసోసయనేట్ హార్డెనర్ ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు, ఆవిరులను పీల్చుకునే కార్ట్‌రిడ్జ్ మాస్కు లేకుండా ఇంట్లో దాన్ని ముట్టుకోవద్దు. పిల్లలతో చేయించేటప్పుడు నీళ్లతో కలిసే యాక్రిలిక్ రంగులు చాలు.

ముందు భాగం మీద మంటలు గీయాలనుకునేవాళ్లు లేత రంగునుంచి ముదురుకు వెళ్లాలి: ముందు పసుపు, దాని మీద నారింజ, కొసలకు ఎరుపు. గాజు మీద టేపు అంటించి 1 మి.మీ. పట్టీలుగా కోస్తే వంపులకు చక్కగా తిరుగుతుంది. రంగు పూర్తిగా గట్టిపడకముందే టేపును తనమీదకే మడిచి లాగాలి, నిటారుగా లాగితే అంచు లేస్తుంది. క్యాండీ రంగు వేస్తే వెండి రంగు మీద పారదర్శకపు పూతలు ఒక్కోటీ రంగును ముదురు చేస్తాయి. బాడీకి అయిదు, రేడియేటరు తొడుగుకు నాలుగు పూతలు పడితే అవి రెండు వేర్వేరు కార్లవి అనిపిస్తాయి. కాబట్టి భాగాలన్నీ ఒకే కూర్చున్న పట్టున, ఒకే లెక్కన. అసలు కార్లకు వాడే మెటాలిక్ రంగులో రేణువులు ఈ స్కేలుకు గులకరాళ్లంత కనిపిస్తాయి, సన్నటి పెర్ల్ పొడి మేలు.

అద్దాలు ఆఖరు. చాప్ చేశాక కిట్టులో ఇచ్చిన అద్దం పట్టదు. 0.2 మి.మీ. పారదర్శక ప్యాకింగ్ షీటు కోసి, ఫెవికాల్‌తో అంటించాలి. ఇన్‌స్టంట్ గమ్ము ఆవిరి అద్దం మీద తెల్లగా చేరుతుంది, ఇక వదలదు, మూసిన కారు గదిలో మరీను. సీట్లు, స్టీరింగు అద్దాలకు ముందే పెట్టేయాలి.

ఇదంతా ఎన్నాళ్ల పని అంటే, రోజుకు గంట చొప్పున కూర్చుంటే రెండు నుంచి మూడు నెలలు. అందులో సగం ఆరడం కోసం ఎదురుచూపే. వేసవి సెలవుల్లో మొదలుపెట్టిన పిల్లాడికి బడి తెరిచేనాటికి చాసిస్, చాప్ చేసిన బాడీ, ప్రైమర్ దాకా వస్తే అది చాలా మంచి పని. ముసురు వెళ్లాక దసరా సెలవుల్లో రంగు వేయించండి.

చివరగా మీకో విన్నపం. మళ్లీ ఈ విషయం ప్రచురించేటప్పుడు 1932 ఫోర్డ్ కూపే పక్క చిత్రాన్ని 1/25 స్కేలులో, ఇరుసుల మధ్య 107.7 మి.మీ. ఉండేలా, కోయకముందు ఒకటీ 3 మి.మీ. దించాక ఒకటీ వేయండి. కింద 100 మి.మీ. కొలగీత కూడా తప్పక ముద్రించండి. ముద్రణలో బొమ్మ సాగినా కుంచించుకున్నా పాఠకుడు తన స్కేలు పెట్టి సరిచూసుకుని, ఆ కాగితాన్నే కత్తిరించి బాడీ మీద అంటించి కోసుకోగలుగుతాడు.

ఇట్లు,
స్కేల్ మోడళ్లు కట్టే కొందరు పాఠకులు,
హైదరాబాద్